తొమ్మిదో పని

తుడిచిన నేల మీద జారిపడ్డానని అందరికీ చెప్పాను. ఆస్పత్రిలో డాక్టరుకి చెప్పాను, కింద గేటు దగ్గర గార్డుకి చెప్పాను, మా ప్రవల్లికకైతే తడి ఎక్కడుందో చేత్తో చూపించి మరీ చెప్పాను. పచ్చి అబద్ధం. ఆ రోజు నేల పొడిగా ఉంది. నేను బాల్కనీలో కునుకు తీస్తుంటే గంట మోగింది. పదో తరగతి బి సెక్షన్, ఏడో పీరియడ్, లెక్కలు. ఆలస్యమైపోతోందని గబగబా లేచి నడిచాను. సోఫాకీ టీవీకీ మధ్య పడ్డాను. నేను రిటైరై పదకొండేళ్లయింది.

ఇదేమిటో నాకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఢిల్లీలో తెలుగు పిల్లల బడిలో ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. మొదట వారానికి ఒకసారి మోగేది, తర్వాత రెండుసార్లు. ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ గంట మోగితే ఎంత బావుంటుందో! మధ్యాహ్నం రెండు గంటలకి, అన్నం తిన్నాక, చలికాలపు ఎండ కాళ్ల మీద పడుతుంటే ముందుగా బయటి మెట్రో రైలు చప్పుడు పల్చబడుతుంది. తర్వాత సుద్దముక్కల వాసన, ఖాళీ అయిన పులిహోర డబ్బాల వాసన వస్తాయి. మా బాల్కనీ తలుపు అవతల పొడుగాటి వరండా మొదలవుతుంది. ఎవరో నా కోసం బోర్డు తుడిచి, మూలన తేదీ రాసి ఉంచుతారు. ఆ తేదీ మాత్రం నాకు ఎన్నడూ కనిపించదు. అక్కడ నా మోకాళ్లు నొప్పి పెట్టవు.

ఆ అబద్ధం వల్ల ఒక మనిషి పని పోయింది. ఇల్లు తుడిచే ఫూల్‌మతి తొమ్మిదేళ్లు మా ఇంట్లో చేసింది. నేల తడిగా వదిలేసిందని ప్రవల్లిక ఆస్పత్రి నుంచే ఫోన్ చేసి, నానా మాటలూ అని మానిపించేసింది. పక్కనే మంచం మీద పడుకుని అంతా విన్నాను. మందుల మత్తులో ఉన్నానులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మత్తు మూడు రోజుల్లో దిగింది. నోరు మాత్రం పెగల్లేదు. ఫూల్‌మతి ఇప్పుడు ఎదుటి బ్లాకులో చేస్తోంది. మా బాల్కనీ కింద నుంచే వెళ్తుంది, తలెత్తి చూడదు.

ప్రవల్లిక మా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయి ఎనిమిదేళ్లు. నేను పెళ్లి చేసుకోలేదు, దానికి అమ్మ లేదు, అలా ఒకరికొకరం మిగిలాం. గురుగ్రామ్‌లో ఉద్యోగం, ఇరవై రెండో అంతస్తులో అద్దె ఫ్లాటు. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల కదా, నేను తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది, కోపమొస్తే ఇంగ్లీషులోకి దిగుతుంది. నా తుంటి ఎముకకి ప్లేటు వేసిన రోజు నుంచి రెండు నెలలుగా నా దగ్గరే, ఈ మయూర్ విహార్ ఇంట్లోనే లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తోంది. ఫిబ్రవరి మొదటి సోమవారం నుంచి రోజూ ఆఫీసుకి రావాలని కంపెనీవాళ్లు తేల్చి చెప్పేశారు.

"ఈలోగా ఇంట్లో ఉండి చూసుకునే మనిషి దొరికితే ఠీక్ హై. దొరక్కపోతే మీరు నాతో గురుగ్రామ్ వస్తారు పెద్దమ్మా. బస్, నో డిస్కషన్," అంది.

ఆ పిల్ల ఇల్లు బాగానే ఉంటుంది. కానీ నాకు ఈ ఇల్లు కావాలి. నా జీతంతో నేను కొనుక్కున్నది. ప్రవల్లికకి చెప్పని కారణం ఇంకొకటుంది. ఇక్కడ గంట మోగితే నేను ఎటు నడుస్తానో నాకు తెలుసు. ఇరవై రెండో అంతస్తులో గంట మోగితే?

సరే, మనిషిని వెతకడం మొదలైంది. ఏజెన్సీ నుంచి వరసగా ముగ్గురొచ్చారు. అన్నేళ్లు పరీక్షలు పెట్టిన చెయ్యి ఊరుకుంటుందా? హిందీలో పది ప్రశ్నలతో ఒక ప్రశ్నపత్రం తయారుచేశాను. నోటితో జవాబు చెబితే చాలు. నాలుగో ప్రశ్న, ముసలావిడ అన్నం వద్దంటే ఏం చేస్తావు? మొదటి పిల్ల "ఖిలా దేంగే" అంది. తినిపించేస్తుందట! ఎలా తినిపిస్తావే అంటే నవ్వింది. సున్నా వేశాను. రెండో ఆమెకి పదికి ఏడు వచ్చాయి గానీ, నాలుగో రోజునే ఏజెన్సీవాళ్లు ఆమెని ఇంకెవరో పెద్ద ఇంటికి పంపేశారు. మూడో ఆమె మధ్యాహ్నం నాకంటే ముందు నిద్రపోయేది. ఎవరు ఎవరికి కాపలానో అర్థమయ్యేది కాదు.

ముగ్గురికీ నేను చెప్పింది ఒకటే. వంట చేయాలి, స్నానానికి చెయ్యి పట్టుకోవాలి, ఇంకేం లేదు. గంట సంగతి ఎత్తలేదు. ఎత్తితే సాయంత్రానికి ప్రవల్లిక చెవిన పడుతుంది, మర్నాటికి నా బట్టలు పెట్టెలోకి వెళ్తాయి.

అప్పుడు అన్నమ్మ వచ్చింది.

గురుగ్రామ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆమె నంబరిచ్చారు. పాలకొల్లు దగ్గర మనిషి. యాభై అయిదేళ్లుంటాయి. చీర మీద మగవాళ్ల స్వెటరు, కాళ్లకి మేజోళ్లు, వాటి మీద హవాయి చెప్పులు. ఆధార్ కార్డు, పోలీసు వెరిఫికేషన్ కాగితం, లోగడ పనిచేసిన మూడిళ్ల వాళ్లు రాసిచ్చిన ఉత్తరాలు అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, మేం అడక్కముందే బల్ల మీద పరిచింది.

"ఏ ఏజెన్సీ?" అన్నాను.

"ఏజెన్సీ లేదండి. పన్నెండేళ్లు చేశానండి వాళ్ల కింద. ఏ ఇంటికి పొమ్మంటే ఆ ఇంటికి పోవడం, ఎప్పుడు రమ్మంటే అప్పుడు పెట్టె సర్దుకోవడం. ఏడేళ్ల నుంచి నా అంతట నేనే చేసుకుంటున్నానండి. ఇల్లు నేనే చూసుకుంటాను, మాట నేనే మాట్లాడుకుంటాను."

ప్రశ్నపత్రం తీశాను. ప్రవల్లిక కళ్లు మూసుకుంది. నాలుగో ప్రశ్న అడిగాను.

"ఎందుకు వద్దంటున్నారో అడుగుతానండి," అంది అన్నమ్మ.

"చెప్పకపోతే?"

"కూరలో ఉప్పు చూస్తానండి."

పదికి పది వేశాను. నా సర్వీసులో అలా వేసింది చాలా తక్కువ. జీతం సంగతి ప్రవల్లికా ఆమే అయిదు నిమిషాల్లో తేల్చుకున్నారు. తను పడుకునే గదికి లోపల గడియ ఉండాలంది. ఆదివారం పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా తనదని, చర్చికి వెళ్లాలని చెప్పింది. ఆదివారాలకి ఎవరో ఒకరిని చూద్దాంలే అంది ప్రవల్లిక. అంతా అయిపోయిందనుకున్నాను.

"ఇప్పుడు నా పద్ధతి చెప్తానండి," అంది అన్నమ్మ. "రేపు పొద్దున్నించి సాయంత్రం దాకా టీచరుగారి దగ్గర ఉంటాను. రేపటికి డబ్బులొద్దు. చూసుకుని, చెయ్యాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాస్తాను. ఏం కావాలో టీచరుగారు చెప్పాలి, నేను రాయాలి. అందులో ఉన్న పని ఒక్కటీ ఎగ్గొట్టను. లేని పని ముట్టుకోను. రాశాక ఆవిడ మీ ముందు పైకి చదవాలండి."

"నేను టైప్ చేసి ప్రింట్ తీస్తా ఆంటీ. సైన్ చేస్తే చాలు కదా?" అంది ప్రవల్లిక.

"సంతకం చదవకుండా కూడా పెట్టేస్తారమ్మా. ఒకింట్లో పెద్దాయన మెట్ల మీద పడిపోయారు. ఆయనకి కళ్లు తిరుగుతాయని ఇంటిల్లిపాదికీ తెలుసు, నాకే తెలీదు. తీసుకెళ్లి పొద్దుగూకేదాకా పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టారు. నా వెనకాల కంపెనీ గట్రా లేదు కదండీ. ఈ కాగితమే నాకు కంపెనీ."

మర్నాడు శనివారం. పొద్దున్నే ప్రవల్లిక తన ఫ్లాటు ఎలా ఉందో చూసుకుని వస్తానని మెట్రోకి వెళ్లిపోయింది. బయట పొగమంచు. ఎదుటి బ్లాకు లేదు, రోడ్డు లేదు, ఆకాశం కూడా లేదు. ఉండుండి ఎత్తున మెట్రో రైలు దీపాల కిటికీలతో తేలి వచ్చి, మళ్లీ తెల్లదనంలో కలిసిపోతోంది. అన్నమ్మ నాకు నీళ్లు పోసింది. జాలి మాటలు మాట్లాడలేదు, చిన్నపిల్లతో మాట్లాడినట్టూ మాట్లాడలేదు. జుట్టు తుడిచి, కొబ్బరినూనె పెట్టి, జడ అల్లింది. తలలో ఒకరి వేళ్లు కదిలి ఎన్నాళ్లయిందో. పాలకూర పప్పు చేసింది. పెట్టినదంతా తిన్నాను.

మధ్యాహ్నానికి మంచు విడిపోయి ఎండ వచ్చింది. బాల్కనీలో కుర్చీ వేసింది. తను గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని శనగలు ఏరుతోంది. ఇవాళ నిద్రపోకూడదని గట్టిగా అనుకున్నాను. పదమూడో ఎక్కం మనసులో చదువుకున్నాను. పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది దాకా గుర్తుంది.

గంట మోగింది.

ఎంత మంచి గంట! ఇత్తడిది, చివర్లో కాస్త బొంగురు. వరండా పొడుగునా ఎండ పరుచుకుని ఉంది. పిల్లలు లోపలికి వెళ్లిపోయారు, గొణుగుడు మాత్రం వినిపిస్తోంది. హాజరుపట్టీ ఎక్కడ పెట్టానా అని చుట్టూ చూసుకుంటూ లేచాను.

"చెప్పులేసుకోండి టీచరుగారూ, నేల చల్లగా ఉంది," అంది పక్కన ఎవరో. కొత్త ఆయా కాబోలు. చెప్పులు నా కాళ్ల ముందు పెట్టింది. ఏదో ఇనుప చట్రం చేతికిచ్చింది. బడిలో ఇదెందుకా అనుకున్నాను గానీ, పట్టుకుని నడిచాను. ఆమె చెయ్యి నా నడుము దగ్గర ఉంది, తగిలీ తగలనట్టు.

"ఏ క్లాసండి?"

"టెన్త్ బి."

"ఎంత దూరమండి?"

"ఇదిగో, ఇక్కడే."

పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోండన్నాను. బోర్డు ఇవాళ తెల్లగా ఉంది, అయినా ఆశ్చర్యం వేయలేదు. త్రిభుజం గీశాను. లంబకోణం ఎక్కడుందో చెప్పండి అని అడిగాను. ఎవరూ పలకలేదు. ఎండ ఒక్కో బెంచీ మీద నుంచీ జరుగుతూ వెనక గోడకి చేరుకుంటోంది. ఆ వెలుతురులో ఉన్నట్టుండి నా గుండెలో ఒక పెద్ద శాంతి. ఎవరూ ఎక్కడికీ వెళ్లిపోలేదు, అందరూ ఉన్నారు, ఇంకా పీరియడ్ చాలా మిగిలి ఉంది.

తర్వాత బోర్డు గుర్‌ర్ మంది. నా వేలు ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

"మంచినీళ్లు తాగుదామని వచ్చాను," అన్నాను, ఎవరూ అడక్కుండానే, కాస్త కటువుగా.

"ఆయ్," అంది అన్నమ్మ. గ్లాసుతో నీళ్లిచ్చింది. కుర్చీ వంటింట్లోకే తెచ్చి నన్ను కూర్చోబెట్టింది. వెళ్లి మిగిలిన శనగలు ఏరుకుంది.

నాలుగింటికి టీ పెట్టి, తెల్లకాగితం తీసింది. "చెప్పండి, రాస్తాను."

చెప్పాను. స్నానం, వంట, మందులు, పొద్దునా సాయంత్రం నడక, ఫిజియోథెరపీ ఆవిడ చెప్పిన వ్యాయామం, బాత్రూముకి తోడు, బట్టలు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం. అన్నమ్మ అక్షరాలు గుండ్రంగా, తప్పుల్లేకుండా ఉన్నాయి.

"ఎనిమిదయ్యాయండి. ఇంకేమైనా ఉందా అండి?"

"లేదు."

కలం మూత పెట్టేసింది. "అయితే నాకు కుదరదండి."

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "చూశారు కదా! మీ కళ్లతో మీరు చూశారు కదా! చూసింది రాసుకోవచ్చుగా? నా నోటితో చెప్పించి తీరాలా?"

"నేను చూసింది రాస్తే అది నా మాట అవుతుందండి," అంది ఆమె నెమ్మదిగా. "రేపు మీరు అలాంటిదేం లేదంటే, ఎవరి మాట నమ్ముతారండి? మీరు టీచరుగారు. నేను పనిమనిషిని."

ఎవరి మాట నమ్ముతారో నాకు తెలుసు. నేల తడిగా వదల్లేదు దీదీ, తడిగా వదల్లేదు అని ఫూల్‌మతి ఫోనులో ఎన్నిసార్లు అందో, ఆస్పత్రి మంచం మీద పడుకుని నేను విన్నాను.

"గంట మోగుతుంది," అన్నాను.

అన్నమ్మ కలం మూత తీసింది.

"బడి గంట. లేచి క్లాసుకి వెళ్తాను. వెళ్తున్నానని నాకు తెలియదు. అలా వెళ్లే పడ్డాను. ఎవరికీ చెప్పలేదు."

"రోజూనా అండి?"

"వారానికి మూడుసార్లు. ఒక్కోసారి నాలుగు."

"ఎప్పుడూ మధ్యాహ్నమేనా? వీధి తలుపు తీశారా ఎప్పుడైనా? స్టవ్ ముట్టించారా?"

"తలుపు ఒకసారి తీశాను. స్టవ్ లేదు. బడిలో స్టవ్ ఎందుకుంటుంది?"

అయ్యో అనలేదు. నుదురు చిట్లించలేదు. నా షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అడిగినట్టే అడిగింది, అలాగే రాసుకుంది. రాసింది నా వైపు తిప్పి చూపించింది. 'తొమ్మిది. బడికి వెళ్లేటప్పుడు తోడు వెళ్లడం.' అది చదివి ఏడ్చాను.

"పిచ్చి అని రాస్తారనుకున్నాను," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"నేను చేసేది రాస్తానండి. జబ్బుల పేర్లు డాక్టర్లు రాసుకుంటారు. డాక్టరుకి కూడా చెప్పాలండి ఇది." పదో అంకె వేసి, 'ఆదివారం సెలవు' అని రాసి ముగించింది.

"ఇది చదివితే ప్రవల్లిక నన్ను తీసుకెళ్లిపోతుంది."

"తీసుకెళ్తే తీసుకెళ్తారండి. చదవకపోతే మాత్రం నేను రానండి."

ప్రవల్లిక ఆరింటికి వచ్చింది. ముక్కు ఎర్రగా కందిపోయి, గడ్డకట్టుకుపోయి ఉంది. టీ తాగింది. అన్నమ్మ కాగితం అందించింది. ప్రవల్లిక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వేసింది.

"ఇది తెలుగులో ఉంది ఆంటీ! నాకు చదవడం రాదు. పెద్దమ్మా, ఆప్ హీ పఢ్ దో నా."

కాగితం నా చేతికొచ్చింది. అంతవరకూ ఆ ఆలోచనే తట్టలేదు నాకు. వందలమంది పిల్లలకి చదువు చెప్పిన నేను, సొంత చెల్లెలి కూతురికి అ ఆలు నేర్పలేకపోయాను. వేసవి సెలవుల్లో పలక పెడితే పారిపోయేది. ఎన్నాళ్లో బాధపడ్డాను దానికి. ఇప్పుడు అదే నాకు కలిసొచ్చింది.

కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఒకటి, స్నానం. రెండు, వంట. గొంతు ఖణీమని పలికింది, క్లాసులో పలికినట్టే. ఎనిమిది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం.

"తొమ్మిది," అన్నాను, "ఆదివారం సెలవు."

"బస్? అంతేనా? అరే, ఇది చాలా సింపుల్. డన్!" అంది ప్రవల్లిక. నా భుజం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. "మీరు మీ ఇంట్లోనే ఉంటారు. హ్యాపీ?"

హ్యాపీనే. ఒక్క నిమిషం నిజంగా సంతోషపడ్డాను. ఇల్లు నాది, బాల్కనీ నాది, మధ్యాహ్నం ఎండ నాది. అన్నమ్మ లేచింది. టీ గ్లాసులు మూడూ తీసుకెళ్లి కడిగి బోర్లించింది. స్వెటరు బొత్తాలు పెట్టుకుంది. బల్ల మీది ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుంది.

"వెళ్లొస్తానండి," అంది.

"ఆంటీ, ఎప్పటినుంచి వస్తారు? మండే?" అని అడిగింది ప్రవల్లిక.

అన్నమ్మ నా వైపు చూసింది. ఆమె నన్ను బయటపెట్టదు. తనకి కుదరదని ఏదో ఒక సాకు చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోతుంది. వెళ్లాక, ఆమె ఎందుకు వెళ్లిపోయిందో తెలియనట్టు నేను ముఖం పెట్టాలి. ఫూల్‌మతి విషయంలో పెట్టినట్టే. మళ్లీ ఇంకో మనిషి.

"ఆగండి. ఒకటి వదిలేశాను," అన్నాను.

ఈసారి గొంతు అలా పలకలేదు. "తొమ్మిది. బడికి వెళ్లేటప్పుడు తోడు వెళ్లడం."

"ఏ బడి?" అంది ప్రవల్లిక.

చెప్పాను. గంట, వరండా, టెన్త్ బి, ఫ్రిజ్ మీద త్రిభుజం, అన్నీ చెప్పాను. అది కదలకుండా వింది. అంతా అయ్యాక అది అడిగిన మొదటి మాట నా గురించి కాదు.

"ఔర్ ఫూల్‌మతీ?"

"నేల పొడిగా ఉందే. అప్పటికి అది తుడిచి వెళ్లి రెండు గంటలైంది."

"ఐ షౌటెడ్ ఎట్ హర్," అంది ప్రవల్లిక. "పెద్దమ్మా, నేను ఆమెని ఎంతలేసి మాటలన్నానో తెలుసా? మీరు పక్కనే ఉన్నారు. యూ వర్ రైట్ దేర్!" లేచి బాల్కనీలోకి వెళ్లిపోయింది. తలుపు అద్దంలోంచి దాని వీపు కనిపిస్తోంది. ఆ వీపు అచ్చం మా చెల్లెలిది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కుంగలేదు. నా ఫోన్ ఇమ్మని అన్నమ్మని అడిగి తీసుకున్నాను.

ఫూల్‌మతి రెండో రింగుకే ఎత్తింది. హిందీలో చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా. తప్పు నాది, అబద్ధం నాది, క్షమించు అన్నాను. అటు నుంచి కుక్కరు కూతలు వినిపించాయి. ఎదుటి బ్లాకులో ఏ ఇంట్లోనో ఉన్నట్టుంది.

"టీచర్ ఆంటీ కాలు విరగ్గొట్టిందని సొసైటీ అంతా అన్నారు," అంది చివరికి. "రెండిళ్లు మాన్పించారు. వాళ్లకి మీరు చెప్తారా?"

"చెప్తాను. రేపు గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంటాను. వచ్చే పోయే ప్రతివాళ్లకీ చెప్తాను."

"ఠీక్ హై," అని పెట్టేసింది. మళ్లీ పనికి వస్తావా అని అడిగే ముఖం నాకు లేదు.

ప్రవల్లిక లోపలికి వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కళ్లు తుడుచుకోలేదు. "ఇప్పుడేం చెయ్యాలి నేను? గురుగ్రామ్ వస్తారా?"

"నాకు భయంగా ఉందే," అన్నాను. ఆ మాట నేను నా జన్మలో ఎవరితోనూ అనలేదు. "అక్కడ గంట మోగితే నేను ఏ తలుపు తీస్తానో నాకు తెలీదు. ఇక్కడైతే ఒక్కసారి తప్ప బాల్కనీ నుంచి వంటింటి దాకే నా బడి. ముందు ముందు ఎలా ఉంటుందో తెలీదు. ఇక నీకు చెప్పకుండా ఏదీ దాచను. ఇప్పటికి మాత్రం నన్ను ఇక్కడ ఉండనియ్యి."

కింద ఎవరిదో కారు వెనక్కి వచ్చేటప్పుడు మోగే పాట వినిపించి ఆగిపోయింది. అన్నమ్మ గుమ్మంలో నిలబడే ఉంది, కవరు చంకలో పెట్టుకుని. ప్రవల్లిక నా ఒళ్లోంచి కాగితం తీసుకుంది.

"ఇందులో తొమ్మిదోది ఏది?"

వేలు పెట్టి చూపించాను. దాని కిందది ఆదివారం అని చెప్పాను. అది పెన్ను అడిగి తీసుకుని, ఆదివారం పక్కన తన పేరు ఇంగ్లీషులో రాసింది. తర్వాత అన్నమ్మ వైపు తిరిగింది.

"ఆదివారం నాడు అలా అయితే నేనేం చెయ్యాలి?" అని అడిగింది, తెలుగులోనే, ఒక్కో మాటా చూసుకుంటూ.

అన్నమ్మ కవరు బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చుంది. "ఆపకండమ్మా. ఇది బడి కాదు, మీరు రిటైరయ్యారు అని చెప్పకండి. చెప్పులివ్వండి, వాకరివ్వండి. నడుము దగ్గర చెయ్యి ఉంచి పక్కనే నడవండి. ఏ క్లాసో అడగండి. కాసేపటికి ఆవిడే వచ్చేస్తారు."

"రాకపోతే?"

నేను కూడా వింటున్నాను. ఆ ప్రశ్న నాదే, అడిగే ధైర్యం ఇన్నాళ్లూ లేకపోయింది.

"రాకపోతే పక్కనే కూర్చుని పిలవండమ్మా," అంది అన్నమ్మ.

"ఏమని?"

"మీరు రోజూ ఎలా పిలుస్తారో, అలాగే."

ప్రవల్లిక నా వైపు తిరిగింది. మూరెడు దూరంలో ఉంది దాని ముఖం. నేర్చుకుంటున్నట్టు, మెల్లగా, ఎక్కడో దూరాన ఉన్నవాళ్లని పిలిచినట్టు పిలిచింది.

"పెద్దమ్మా."

"ఇక్కడే ఉన్నానే," అన్నాను.